కరెంటు స్తంభాల మీదుగా ఇంటర్నెట్

ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్నెట్ విస్తరణ చరిత్ర కరెంటు స్తంభాల చరిత్రతో ముడిపడి ఉంది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ దేశ ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించినప్పుడు, అది మాటల కోసం వేసిన టెలిఫోను రాగి తీగల మీదుగానే ఇళ్లకు చేరింది. దూరం పెరిగేకొద్దీ ఆ తీగల్లో సంకేతం క్షీణిస్తుంది గనుక, వీడియోల కాలానికి అవి చాలలేదు. సమాచారాన్ని కాంతి రూపంలో మోసే వెంట్రుకంత సన్నని గాజు పోగు, అంటే ఆప్టికల్ ఫైబర్, అప్పటికే నగరాల మధ్య పరుచుకుంటున్నా పల్లెలకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ జాప్యానికి ముఖ్య కారణం తవ్వకం. 2011లో కేంద్రం ఆమోదించి, తరువాత భారత్‌నెట్ అని పేరు మార్చిన పథకం సుమారు 2.5 లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ వేయదలచింది గాని, రోడ్ల వెంట కందకాలకు కావలసిన అనుమతులు, ఖర్చు, వేసిన కేబుళ్లు తరచు తెగిపోవడం ఆ పనిని ఏళ్ల తరబడి ఆలస్యం చేశాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఫైబర్‌నెట్ సంస్థ 20 వేల కిలోమీటర్లకు పైగా కేబుల్‌ను విద్యుత్ స్తంభాల మీదుగా లాగి ఈ చిక్కును దాటింది. గాజులో విద్యుత్తు ప్రవహించదు, పక్కనున్న విద్యుత్ తీగల ప్రభావం కాంతి సంకేతాన్ని చెదరగొట్టదు. అందువల్ల లోహం లేని కేబుల్‌ను కరెంటు తీగల చెంతనే వేలాడదీయవచ్చు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఈ వ్యవస్థలో ఇంటర్నెట్, టీవీ, ఫోన్ కలిపి నెలకు 149 రూపాయల నుంచి లభించాయి. సామాన్య కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకున్న ఈ ధర నిస్సందేహంగా ప్రశంసనీయం. అయితే 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖ ప్రాంతంలో వేలాది కరెంటు స్తంభాలను కూల్చిన సంగతి తెలిసిన కోస్తాలో, స్తంభంతో పాటు ఇంటర్నెట్ కూడా తెగిపోయే ప్రమాదం ఈ పద్ధతిలోనే ఇమిడి ఉంది.

2016 సెప్టెంబరులో జియో 4జీ సేవ మొదలైన తరువాత మొబైల్ డేటా చౌకై, వాడకం ఊహకందనంతగా పెరిగింది. ఇక్కడ తరచు మరుగున పడే విషయమేమంటే, వైర్‌లెస్ ప్రయాణం ప్రధానంగా ఫోనుకూ టవరుకూ మధ్యనే సాగుతుంది. టవరును ప్రధాన నెట్‌వర్క్‌తో కలిపే మార్గాన్ని బ్యాక్‌హాల్ అంటారు, అది ఇరుకైతే టవరు ఎంత ఆధునికమైనదైనా వేగం రాదు. ఫైబర్ చేరని చోట్ల ఆ మార్గం కోసం 2017 డిసెంబరులో రాష్ట్రం గూగుల్ మాతృసంస్థకు చెందిన ఎక్స్‌తో 2,000 లింకులకు ఒప్పందం చేసుకుంది. వీటిలో కాంతి పుంజం గాజు పోగు లేకుండా గాలిలోనే, ఎదురెదురుగా కనిపించే రెండు పరికరాల మధ్య, 20 కిలోమీటర్ల వరకు ప్రయాణించగలదు. 2022 అక్టోబరులో దేశంలో మొదలైన 5జీ ఈ అవసరాన్ని ఇంకా పెంచింది, ఎందుకంటే దానిలో వాడే ఎక్కువ పౌనఃపున్యపు తరంగాలు తక్కువ దూరమే వెళతాయి గనుక టవర్లు దగ్గరదగ్గరగా నిలబెట్టాలి, వాటిలో ప్రతిదానికీ విశాలమైన బ్యాక్‌హాల్ కావాలి.