కల్పం నుంచి గోత్రం దాకా

నరసింహస్వామితోపాటు యముడికీ గుడి ఉన్న ఊరు ధర్మపురి. అక్కడ గోదావరి రేవులో పురోహితులు సంకల్పం చెప్పేటప్పుడు ఎప్పుడైనా చెవిపెట్టి విన్నారా? శ్వేతవరాహ కల్పమనీ, వైవస్వత మన్వంతరమనీ, కలియుగమనీ, మనం కొంగు సర్దుకునేలోపే ఆయన కోట్ల ఏళ్లు దాటేస్తారు!

అవి వట్టి పేర్లు కావు, లెక్కలు. కలియుగం 4,32,000 ఏళ్లు. ద్వాపరం దానికి రెండింతలు, త్రేత మూడింతలు, కృతం నాలుగింతలు. నాలుగూ కలిస్తే మహాయుగం, అంటే 43,20,000 ఏళ్లు. అలాంటివి వెయ్యయితే కల్పం. 432 కోట్ల ఏళ్లన్నమాట. బ్రహ్మగారికి అది ఒక్క పగలు!

ఇంతేసి లెక్కల్ని కాగితం లేకుండా నోట నిలుపుకోవడమే నాకు వింత. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులో ఆ పనే చేశాడు. చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టిస్తూ పోతే 64 గళ్లకూ కలిపి 1,84,46,74,40,73,70,95,51,615 అవుతుంది. చూస్తేనే కళ్లు తిరుగుతాయి కదూ? ఒకటికి చంద్రుణ్ణీ, నాలుగుకు వేదాన్నీ, సున్నకు ఆకాశాన్నీ పెట్టి, ఆ ఇరవై అంకెల్నీ ఆయన ఒక్క పద్యంలో ఇమిడ్చాడు. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి వెనక్కి చదువుకోవాలి, అంతే.

రేవులో లెక్క మాత్రం పెద్దదాన్నుంచి చిన్నదానికి దిగుతుంది. కల్పం, యుగం, సంవత్సరం, మాసం, తిథి, ఆపైన గోత్రం. అన్ని కోట్ల ఏళ్లలోంచి వెతికి పట్టుకున్నట్టు ఇంటాయన పేరు పలుకుతారు. పక్కన తడిచీరతో వణుకుతున్న ఇల్లాలు చాలాసార్లు ‘ధర్మపత్నీ సమేతస్య’లోనే సర్దుకుంటుంది. నేనైతే అడిగి మరీ నా పేరు చెప్పించుకుంటాను.