గాజు పలకలపై పల్లె రంగులు

ఛాయాగ్రహణము లోకమునకు వెల్లడియైన 1839 నాటినుండే దానికొక లోటు వెన్నంటి వచ్చినది. ముఖములోని ముడతనైనా, కొమ్మ మీది ఆకునైనా కెమేరా తప్పక పట్టుకొనేది. కాని రంగు మాత్రము దానికి చిక్కలేదు. పండిన చేను, పచ్చిక బయలు, పండుగనాటి ఉడుపు, అన్నియు బూడిదవన్నె ఛాయలుగానే మిగిలేవి. రాజులు, ధనికులు చిత్రకారులచేత తమ రంగుల పటములు వ్రాయించుకొనగలిగినారు. పల్లెలోని రైతుకు ఆ అవకాశము లేదు. ఈ లోటును విజ్ఞానశాస్త్రము ఎట్లు తీర్చినదో, ఆ సాధనమును ఒక రష్యన్ ఛాయాగ్రాహకుడు తన దేశపు సామాన్యజనము కొరకు ఎట్లు వినియోగించినాడో తెలిసికొనదగినది. ఆయన పేరు సెర్గేయ్ మిఖాయిలొవిచ్ ప్రొకూదిన్ గోర్‌స్కీ.

మూడు రంగుల కీలకము

మన కంటిలో రంగును గుర్తించు కణములు ముఖ్యముగా మూడు విధములు. మనము చూచే రంగులన్నియు ఈ మూడింటికి కలిగే స్పందనల హెచ్చుతగ్గుల వలన ఏర్పడునవే. ఈ సూత్రమును ఆధారము చేసికొని 1855లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఒక సూచన చేసినాడు. ఒకే దృశ్యమును ఎరుపు, ఆకుపచ్చ, నీలము గాజుల ద్వారా మూడుసార్లు ఫొటో తీయవలెను. ఆ మూడును నలుపు తెలుపు చిత్రములే. వాటిని మరల అవే రంగుల కాంతితో తెరమీద ఒకదానిపై ఒకటి సరిగా పడునట్లు చేసినచో అసలు రంగులు తిరిగి కనిపించును.

ఒక ఉదాహరణ చూతము. ఎర్రని తలగుడ్డ నుండి వచ్చు కాంతి ఎర్ర గాజు గుండా సులభముగా పోవును. తక్కిన రెండు గాజులు దానిని అడ్డగించును. కనుక ఎరుపు చిత్రములో ఆ గుడ్డ తెల్లగాను, మిగిలిన రెండింటిలో నల్లగాను ఉండును. మూడు చిత్రములను కలిపి ప్రసరింపజేసినపుడు ఆ చోట ఎర్రని కాంతి మాత్రమే తెరను చేరును. పసుపుపచ్చని పువ్వైనచో ఎరుపు, ఆకుపచ్చ చిత్రములు రెండింటిలోను తెల్లగా ఉండును. తెల్లని గోడ మూడింటిలోను తెల్లగానే ఉండును. అనగా ఇందులో రంగు ఏ ఒక్క పలక మీదను లేదు. మూడు పలకల మధ్యనున్న భేదములో దాగియున్నది.

మాక్స్‌వెల్ 1861లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక గళ్ళ రిబ్బను చిత్రముతో దీనిని చేసి చూపినాడు. అయితే ఆ కాలపు పలకలు ఎర్రని కాంతిని దాదాపు గుర్తింపలేవు. మరి ప్రయోగము ఎట్లు ఫలించినది? ఆ రిబ్బనులోని ఎర్ర అద్దకము అతినీలలోహిత కిరణములను కూడ వెనుకకు పంపినదనియు, పలకపై పడినవి అవేననియు 1961లో పరిశోధకులు తేల్చినారు. పలకకు అన్ని రంగులు తెలియజేయు పని తరువాతి వారిది. 1873లో జర్మనీలో హెర్మన్ ఫోగెల్ కొన్ని అద్దకపు రంగులను పూతలో కలిపినచో పలక ఆకుపచ్చను కూడ గుర్తించునని కనుగొన్నాడు. ఆయన తరువాత బెర్లినులో అదే పీఠము నలంకరించిన ఆడాల్ఫ్ మీటే ఈ విద్యను ఇంకను ముందుకు తీసికొనిపోయినాడు. 1902లో ఆ మీటే వద్దకు ప్రొకూదిన్ గోర్‌స్కీ వచ్చి, త్రివర్ణ పద్ధతి నేర్చుకొని స్వదేశమునకు తిరిగి వెళ్ళినాడు.

రైలుపెట్టెలో చీకటిగది

ప్రొకూదిన్ గోర్‌స్కీ 1863లో మూరొమ్ పట్టణ ప్రాంతమున జన్మించినాడు. రష్యాలో రైతుల బానిసత్వము రద్దయినది 1861లో. అనగా మాక్స్‌వెల్ రిబ్బను చూపిన ఏటనే ఆ దేశపు రైతు చట్టరీత్యా స్వతంత్రుడైనాడు. అయినను దేశపు ముఖచిత్రము మారలేదు. 1897 జనాభా లెక్కల ప్రకారము నూటికి ఎనభై మందికి పైగా పల్లెలలోనే జీవించుచుండిరి. రష్యాను చూపుట అనగా పల్లెను చూపుటయే.

1908లో ఆయన యాస్నయా పొల్యానాకు పోయి, ఎనుబదవ యేడు నిండనున్న టాల్‌స్టాయ్‌ని రంగులలో చిత్రించినాడు. తెలుగు పాఠకులకు చిరపరిచితుడైన ఆ మహారచయిత రైతు చొక్కాతో తోటలో కూర్చున్న ఈ పటము దేశమంతట ప్రచారమైనది. మరుసటి సంవత్సరము జార్ రెండవ నికొలాస్ ఎదుట తన చిత్రములను ప్రదర్శించుటకు ఆయనకు పిలుపు వచ్చినది. విశాల సామ్రాజ్యమునంతటిని రంగులలో చిత్రించి, ఆ దృశ్యములను పాఠశాలలలో తెరమీద పిల్లలకు చూపవలెనని ఆయన సంకల్పము. జారు అందుకు సమ్మతించి చీకటిగది అమర్చిన ఒక రైలుపెట్టెను, నదులలో పయనించుటకు పడవలను, ఎక్కడికైనను పోవుటకు అనుమతి పత్రములను ఇప్పించినాడు. 1909 మొదలు 1915 వరకు ఆ రైలుపెట్టెయే ఆయనకు ఇల్లు, ప్రయోగశాల కూడ అయినది. వోల్గా తీరములు, యూరల్ పర్వతములు, కాకసస్, సమర్కండు, బుఖారా ప్రాంతములన్నియు తిరిగినాడు.

కదలక నిలిచిన జనము

ఆయన వాడిన గాజు పలక సుమారు 24 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు కలది. కటకము ముందు నీలము, ఆకుపచ్చ, ఎరుపు గాజులు ఒకదాని తరువాత ఒకటి వచ్చుచుండగా పలక మెట్టుమెట్టుగా జరిగేది. ఒకే పలక మీద మూడు చిత్రములు ఒకదాని క్రింద ఒకటి పడేవి. ఈ మూడును ఒకే క్షణమున తీసినవి కావు, వరుసగా తీసినవి. ఈ వ్యవధిలో ఎవరైన కదలినచో మూడు చిత్రములలో మూడు చోట్ల ఉందురు. కలిపి చూచినపుడు వారి అంచుల వెంబడి ఎరుపు, ఆకుపచ్చ, నీలపు మరకలు తేలును. ఆయన చిత్రములలో పారే నీరు ఇంద్రధనుస్సు వలె మెరయుటకును, పొగ రంగురంగులుగా కనిపించుటకును కారణమిదే.

కాబట్టి ఈ పద్ధతిలో మనుష్యులను చాటుగా చిత్రించుట కుదరదు. ఎదుటివారు ఒప్పుకొని, ఓర్పుతో కదలక నిలువవలెను. అపరిచితుడొకడు పెద్ద పెట్టెతో వచ్చి నిలుచుండుమని కోరినపుడు పల్లెవాసి నిలుచుట నమ్మకము మీద జరిగే పని. ప్రొకూదిన్ గోర్‌స్కీ ఆ నమ్మకమును సంపాదించినాడనుటకు ఆయన పలకలే సాక్ష్యము. 1909లో షెక్స్నా నది ఒడ్డున, కిరీలొవ్ పట్టణ సమీపమున తీసిన చిత్రములో ముగ్గురు రైతు బాలికలు దుంగల ఇంటి ముందు నిలిచి, పళ్ళెములలో అడవి పండ్లు పట్టుకొని అతిథికి అందించుచున్నారు. ఆ పండ్లు, ఆ తలగుడ్డలు నిన్న చూచినంత తాజాగా ఉన్నవి. గడ్డికోత నడుమ విశ్రమించిన జనము, 1910లో బంగాళాదుంపలు నాటుచున్న సన్యాసులు, బకాల్ ఇనుప గనిలో పారలతో త్రవ్వి గుర్రపు బండ్లకెత్తుచున్న కుటుంబము, ఇట్టివన్నియు ఆయన కంటికి చిత్రింపదగినవిగానే తోచినవి.

పేర్లు వ్రాసికొనుట ఇంకొక విశేషము. బుఖారా అమీరు పేరు వ్రాసినట్లే ఒక కాలువ లాకుల కాపరి పేరును కూడ ఆయన భద్రపరచినాడు. మరీన్‌స్కీ జలమార్గమున చెర్నిగొవ్ లాకుల వద్ద 1909లో చిత్రించిన ఆ వృద్ధుడు పింఖుస్ కర్లీన్‌స్కీ. వయస్సు 84 ఏండ్లు, ఉద్యోగము 66 ఏండ్లు. 1910లో జ్లతఊస్త్ ఆయుధ కర్మాగారపు ముదుసలి కల్గానొవ్‌ను కొడుకుతోను, మనుమరాలితోను కలిపి చిత్రించినాడు. తాతకు పాతకాలపు గడ్డము, దేశీయమైన దుస్తులు. కొడుకు, మనుమరాలు కొత్త కాలపు వేషములో ఉన్నారు. మూడు తరముల మార్పు ఒక్క పలక మీద నిలిచినది.

ఈ ప్రేమకు ఒక హద్దు కూడ ఉన్నదని ఒప్పుకొనవలెను. 1891-92 నాటి ఘోరమైన కరవును ఎరిగిన దేశమది. 1905లో రైతుల తిరుగుబాట్లను చూచిన దేశమది. జారు ఇచ్చిన రైలుపెట్టెలో తిరిగిన కెమేరాకు ఆకలి, ఆగ్రహము అంతగా కనబడలేదు. పైగా నిశ్చలమైన దానినే పట్టగల యంత్రము శాంతమైన ముఖములనే ఎన్నుకొనును. చిత్రములను చూచువారు ఈ సంగతిని కూడ గుర్తుంచుకొనుట మంచిది. అయినను అవి అసత్యములు కావు. ఆ ఇండ్లు, ఆ చేలు, ఆ చేతులు నిజమైనవి.

పలకల ప్రవాసము

1917లో జారు ప్రభుత్వము కూలినది. 1918లో ప్రొకూదిన్ గోర్‌స్కీ దేశము విడిచి నార్వేకు, అటుపిమ్మట ఇంగ్లండుకు వెళ్ళి, తుదకు పారిస్‌లో స్థిరపడినాడు. తీసినవన్నియు ఆయన చేతికి దక్కలేదు. దక్కిన వాటిని ముసలితనములో ఫ్రాన్సులోని రష్యన్ పిల్లలకు తెరమీద చూపుచు ఉపన్యసించేవాడు. రష్యాలోని బడిపిల్లల కొరకు తలపెట్టిన పని, స్వదేశమును చూడనైన చూడని పిల్లల కొరకు జరిగినది. 1944 సెప్టెంబరులో ఆయన పారిస్‌లోనే మరణించినాడు.

1948లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆయన వారసుల నుండి 1,900కు పైగా పలకలను, ప్రయాణక్రమములో చిత్రములంటించిన ఆల్బములను కొన్నది. మూడు చిత్రములను పొరపాటు లేక కలుపుట శ్రమతో కూడిన పని యగుటచే, పలకలలో చాల భాగము ఏండ్ల తరబడి నలుపు తెలుపులుగానే ఉండిపోయినవి. 2001 నాటి ప్రదర్శనకు వానిలో కొన్నింటిని కంప్యూటరు సాయముతో కలిపినారు. 2004లో పలకలన్నింటికిని రంగు చిత్రములు సిద్ధమైనవి.

ఇక్కడ శాస్త్రవిషయమొకటి గమనింపదగినది. అద్దకపు రంగులతో అచ్చువేసిన చిత్రము కాలక్రమమున వెలిసిపోవును. ప్రొకూదిన్ గోర్‌స్కీ పలకలలో వెలిసిపోవుటకు రంగే లేదు. ఉన్నది లోహరూపమైన వెండి. అది జాగ్రత్తగా దాచినచో చిరకాలము నిలుచును. షెక్స్నా ఒడ్డున ఆ బాలికలు కొద్ది క్షణములు కదలక నిలిచినారు. వారి పల్లె రంగులు తొంబదియేండ్లు మూడు నలుపు తెలుపు చిత్రములలో దాగి ఉండి, చెక్కుచెదరక మరల వెలుగు చూచినవి.