అర్జీ చెల్లనప్పుడు ఊరే కదిలింది

సోమవారం వచ్చిందంటే సింగరాయకొండ నుంచి ఒంగోలు కలెక్టరేటుకు అర్జీలు పట్టుకుని బయల్దేరేవాళ్లుంటారు. అన్యాయం జరిగిందని పైవాళ్లకు మొరపెట్టుకోవడం ఈ గడ్డకు పాత అలవాటే. ఆ మొర ఎవరూ వినకపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు, అదే రైలు దారిలో ఒంగోలు దాటాక వచ్చే చీరాల నూరేళ్ల కిందటే ఒక జవాబు చెప్పింది.

చీరాల, పేరాల జంట ఊళ్లు. నేతగాళ్లు, కూలీలు, చిల్లర వ్యాపారులు బతికే చోటు. అప్పటిదాకా యూనియన్‌గా, అంటే చిన్న ఊళ్ల స్థానిక పాలన సంఘంగా, ఉన్న ఈ ఊళ్లను 1919లో మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీగా మార్చాలని నిర్ణయించింది. పన్ను భారం అనేక రెట్లు పెరిగింది. మాకు ఈ మునిసిపాలిటీ వద్దు, యూనియనే చాలునని జనం అర్జీలు పెట్టారు. ప్రభుత్వం వినలేదు. పన్ను కట్టబోమన్నవాళ్లలో కొందరిని జైలుకు పంపారు, వారిలో ఒక స్త్రీ కూడా ఉంది.

వారికి నాయకుడై నిలిచినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చి, కాషాయం కట్టి, రామదండు పేరుతో స్వచ్ఛంద సేవకులను కూడగట్టిన మనిషి. జనం ఆయనను ఆంధ్రరత్న అని పిలుచుకున్నారు.

1921 ఏప్రిల్‌లో, బెజవాడ కాంగ్రెస్ సమావేశం ముగిశాక గాంధీ చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చూపారు. పన్ను కట్టకుండా ఎదురు నిలిచి శిక్ష అనుభవించడం ఒకటి, మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం రెండోది. ఏది ఎంచుకున్నా ఆ బరువు చీరాల జనమే మోయాలి, కాంగ్రెస్ మీద ఆశ పెట్టుకోకూడదు.

జనం రెండో దారి పట్టారు. 15,326 మంది ఉన్న ఊళ్లో 13,572 మంది ఇళ్లు వదిలారు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు కూడా ఆ లెక్కలో ఉన్నారు. గుంట మగ్గం మీద బతికే ఇంటికి ఇల్లు మారడమంటే ఏమిటో నేసేవాళ్లకే తెలుసు. ఆ మగ్గం నేలలో పాతుకుని ఉంటుంది. నేతగాడు గుంటలో కాళ్లు దించి, పావళ్లు తొక్కుతూ నేస్తాడు. చెక్కను ఊడదీసి బండికెత్తవచ్చు గానీ గుంటను ఎత్తుకెళ్లలేరు. కొత్త చోట మళ్లీ తవ్వుకోవాల్సిందే. తవ్వి, బిగించి, పడుగు సాగదీసేదాకా ఆ ఇంటికి కూలి డబ్బు రాదు.

హద్దు అవతల పాకలు వేసుకున్నారు, ఆ చోటికి రామనగర్ అని పేరు పెట్టారు. తగవులు తీర్చడానికి పంచాయతీ పెట్టుకున్నారు. కాపలా, క్రమశిక్షణ రామదండు చూసుకుంది. తమ మీద రుద్దిన పాలన వద్దన్నవాళ్లు తమ పాలనను తామే నడిపి చూపించారు. ఎర్రటి ఎండలూ ఆపైన వానలూ ఆ పాకల కిందే గడిచాయి.

అదే ఏడాది గోపాలకృష్ణయ్య బరంపురంలో నిషేధాజ్ఞను ధిక్కరించి మాట్లాడారు. ఏడాది జైలు శిక్ష పడింది, తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నాయకుడు లేకుండానే జనం ఇంకొన్ని నెలలు నిలబడ్డారు. దగ్గర్లోని పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు శిస్తు ఆపిందీ ఆ చలికాలంలోనే. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జరిగిన హింస తర్వాత గాంధీ దేశమంతటా శాసనోల్లంఘన ఆపేశారు. చేతిలో డబ్బు అయిపోయింది, ఒంట్లో ఓపికా తగ్గింది. పదకొండు నెలల తర్వాత చీరాల జనం ఇళ్లకు తిరిగొచ్చారు. మునిసిపాలిటీ అలాగే ఉంది.

గెలుపు ఓటముల లెక్కలో దీన్ని ఓటమి అనేవాళ్లున్నారు. అలా అనడం ఆ జనానికి న్యాయం చేయదు. అన్యాయమన్న మాటను వాళ్లు ఒక్కనాడూ వెనక్కి తీసుకోలేదు, ఆ మాటకయ్యే ఖర్చును ఇంకొకరి నెత్తిన వేయనూ లేదు. ఇల్లు, కూలి, నీడ పోగొట్టుకుని తామే చెల్లించారు. తిరిగొచ్చిన రోజున వాళ్లకు ఎదురైనవి నెలల తరబడి మూసి ఉన్న తలుపులు, నిండుకున్న గాదెలు. మర్నాటి నుంచి పని మొదలుపెట్టాలి.