బల్లమీది గ్లాసు, చూరుకింది గ్లాసు

సావనీరుకు వ్యాసం రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, బడి భవనం గురించీ, పాత ప్రధానోపాధ్యాయుల గురించీ నాకన్నా బాగా తెలిసినవాళ్లు రాస్తారు కదా అనుకున్నాను. ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి. రాజుల కథలకన్నా రోజూ చేత్తో పట్టుకునే వస్తువు చరిత్ర చెప్పడమే నాకిష్టం. అందుకే కాఫీ, టీ తాగే గ్లాసుల గురించి రాస్తున్నాను. మన బడి గేటు ఎదుట ఉండిన టీ కొట్టు కూడా ఇందులో వస్తుంది.

మా ఇంట్లో నాన్నగారిది ఇత్తడి గ్లాసు, దానికో డబరా. ఇంకెవరూ దాన్ని ముట్టుకునేవారు కాదు. గ్లాసు అంచు బయటికి వంగి ఉండేది. పెదవికి తగలకుండా ఎత్తి పోసుకోవడానికి ఆ వంపు. ఎంగిలి పట్టింపు ఉన్న ఇళ్లలో అది చాలా అవసరం. డబరాలోకీ గ్లాసులోకీ నాలుగుసార్లు తిరగబోస్తే కాఫీ కాస్త చల్లారి నురగ కట్టేది. ఇత్తడి కిలుము పట్టకుండా లోపల తగరం పూత ఉండాలి. కళాయివాడు వీధిలో చిన్న కొలిమి పెట్టుకుని, గిన్నె వేడిచేసి, నవాసాగరం చల్లి తగరం రుద్దుతుంటే, ఆ తెల్లటి పొగ కోసం పిల్లలం చుట్టూ మూగేవాళ్లం.

హోటళ్లలో పింగాణీ కప్పు, సాసరు. 'పింగాణీ' మాట మూలం పారశీకం. అక్కడ 'పింగాన్' అంటే గిన్నె. అరబ్బీలో అదే 'ఫింజాన్' అయి కాఫీ కప్పుకు పేరైంది. మనకు మాత్రం పాత్ర పేరు కాస్తా పాత్ర చేసే సరుకు పేరైంది. చైనావాళ్లు టీ తాగిన పాత కప్పులకు పిడి లేదు. ఐరోపావాళ్లు మొదట వాటినే దిగుమతి చేసుకున్నారు. 1710లో జర్మనీలోని మైసెన్‌లో పింగాణీ కార్ఖానా మొదలైంది. తర్వాత ఆ శతాబ్దంలోనే అక్కడ టీ కప్పులకు పిడి పెట్టడం అలవాటైంది. టీ సాసర్లో పోసుకుని జుర్రే పెద్దవాళ్లను చూసి మేం నవ్వేవాళ్లం. ఇంగ్లండులో కూడా ఒకప్పుడు అలాగే తాగేవారని చాలా ఏళ్ల తర్వాత చదివాను.

టీ మనకు పాతదేమీ కాదు. అస్సాం టీ లండన్‌లో మొదటిసారి వేలానికి వచ్చింది 1839లో. చాలాకాలం పండేది ఇక్కడ, తాగేది అక్కడ. 1903లో తేయాకు మీద సెస్సు వేసే చట్టం వచ్చింది. ఆ డబ్బుతో ప్రచారకులు ఊరూరా తిరిగి, టీ కాచి చూపించి, జనానికి అలవాటు చేశారు. 1930లలో తేయాకును నలిపి గుళికలుగా చేసే సీటీసీ యంత్రం వచ్చింది. ఆ పొడి కొంచెం వేసినా చిక్కగా దిగుతుంది. చిక్కటి టీకి చిన్న గ్లాసు చాలు. మందపాటి అడుగున్న గాజు గ్లాసు చౌక, కడగడం తేలిక, టీ రంగు పైకే కనిపిస్తుంది. టీ కొట్లకు అదే సరిపోయింది.

పానీయం కొత్తదే గానీ పట్టింపు పాతదే. ఇంగ్లీషువాళ్ల కాలంలో రైల్వే స్టేషన్లలో హిందూ టీ వేరు, ముస్లిం టీ వేరు. మనం భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో బ్రాహ్మణులకు వేరే గది పెట్టిన కాఫీ హోటళ్లుండేవి. పల్లెల్లో, చిన్న ఊళ్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. ఎంగిలి ఇంటి పట్టింపుగా ఉన్నంతకాలం ఎవరి గ్లాసు వారిది. అది వీధిలోకి వచ్చేసరికి కొందరికి గ్లాసే వేరైంది.

మన బడి ఎదుటి కొట్లో గాజు గ్లాసులు బల్లమీద బోర్లించి ఉండేవి. బయట చూరుకింద, వాసానికి కొట్టిన మేకులకు చెవులున్న సత్తు గ్లాసులు రెండు వేలాడేవి. తరగతిలో నా పక్కనే కూర్చునే మిత్రుడొకడు మాలపల్లి నుంచి వచ్చేవాడు. ఆ గ్లాసు తానే దింపుకుని, తానే కడుక్కుని, కొట్టతను పైనుంచి పోస్తే పట్టుకుని, ఎండలో నిలబడి తాగేవాడు. మళ్లీ కడిగి మేకుకు తగిలించేవాడు. బడిలో ఇద్దరికీ ఒకటే బెంచీ. గేటు దాటితే నేను లోపల, వాడు బయట. అలా ఐదేళ్లు. నేను ఒక్కరోజు కూడా కొట్టతన్ని ఇదేమిటని అడగలేదు. అంటరానితనాన్ని రద్దుచేసే పదిహేడో అధికరణం గురించి పరీక్షలో రాసి, మంచి మార్కులు మాత్రం తెచ్చుకున్నాను.

అప్పటికే చట్టం ఉంది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టంలో హోటల్లోకి రానివ్వకపోవడమే కాదు, అక్కడ అందరికోసం ఉంచిన పాత్రలు వాడనివ్వకపోవడం కూడా నేరమే. దానికే 1976లో కోరలు పెంచి, పౌర హక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. మన సంఘం పుట్టింది కూడా ఆ ఏడాదే. అయినా 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి చూసి 2006లో పుస్తకంగా తెచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, దాదాపు మూడో వంతు ఊళ్ల టీ కొట్లలో దళితులకు ఇంకా వేరే పాత్రలే.

ఈలోగా ఇళ్లలోకి స్టీలు వచ్చింది. 1980లలో సేలంలో స్టెయిన్‌లెస్ స్టీలు తయారవడం మొదలయ్యాక కళాయివాడి పని దాదాపు పోయింది. కొన్న ప్రతి గ్లాసు మీదా షాపువాడు చిన్న మిషనుతో జుయ్‌మంటూ పేరు చెక్కి ఇచ్చేవాడు. నా పెళ్లికి మన బ్యాచ్‌వాళ్లు ఇచ్చిన ఆరు గ్లాసుల మీద 'పదో తరగతి మిత్రులు' అని ఉంది. అందులో ఒకటి ఇప్పటికీ నా కాఫీ గ్లాసు. సొట్టపడినా మార్చలేదు.

తర్వాత ప్లాస్టిక్ కప్పు, దాని వెనకాలే కాగితం కప్పు. ప్లాస్టిక్ కప్పుల్ని 2022 జూలై 1 నుంచి నిషేధించారు. కాగితం కప్పు లోపల కూడా పల్చటి ప్లాస్టిక్ పొరే ఉంటుందని మన సైన్సు మాస్టార్లకు తెలుసు. మన ఊళ్లో చూరుకింది గ్లాసులు పోయింది ఈ కప్పులు వచ్చాకే. అందరూ తాగి పారేసేదే కాబట్టి ఎవరి ఎంగిలీ ఎవరికీ అంటదు. పట్టింపు పోయిందా, దానితో పనిలేకుండా పోయిందా అన్నది నాకు ఇప్పటికీ తేలని ప్రశ్న.

మొన్నటి కలయికలో ఆ మిత్రుడి పక్కన కూర్చున్నాను. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. "ఆ సత్తు గ్లాసు గుర్తుందిరా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "గ్లాసు సంగతి సరే. నువ్వు లోపల కూర్చుని, నావైపు చూడకుండా తాగేవాడివి. అది గుర్తుంది" అన్నాడు. తర్వాత మాట మార్చి, మనవరాలి చదువు గురించి చెప్పాడు.

స్వర్ణోత్సవం రోజున ఎనిమిది వందల మందికి టీ ఇవ్వాలని కమిటీ లెక్క వేసింది. కాగితం కప్పులు వద్దు, గాజు గ్లాసులు అద్దెకు తెద్దామన్నాను. అందరికీ ఒకే రకం గ్లాసు, ఒకే బల్ల. అన్ని గ్లాసులు ఎవరు కడుగుతారని కార్యదర్శి అడిగారు. ఐదేళ్లు వాడు తన గ్లాసు తానే కడుక్కున్నాడు. ఆ ఒక్కరోజుకు కడిగే పని నాకు వెయ్యమన్నాను. నాతోపాటు తొట్టి దగ్గర నిలబడేవాళ్లెవరైనా ఉంటే రండి.