వెంకటేశం ఎవర్ని చూసి నేర్చుకున్నాడు?

పోయిన నెలలో మా ఆయన ఎనిమిది రోజులు టిఫిన్ డబ్బా పట్టుకుని మామూలుగానే పటాన్‌చెరు బయల్దేరారు. సాయంత్రం మామూలుగానే ఇంటికొచ్చారు. తొమ్మిదో రోజు పక్కింటి వదిన చెబితే తెలిసింది, కంపెనీలో కాంట్రాక్టు వాళ్లను ఆపేశారని. "నాకొక్క మాట చెప్పొద్దా?" అంటే, "మగోణ్ణి ఇంట్ల కూసుంటే పిల్లగాడు ఏమనుకుంటడు?" అన్నారు.

ఆ మాటతో బీఏలో చదివిన కన్యాశుల్కం గుర్తొచ్చి, మళ్లీ పుస్తకం తీశాను.

గురజాడ అప్పారావు గారి ఈ నాటకం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడింది. 1897లో అచ్చయింది. మనం ఇప్పుడు చదివేది ఆయన తిరగరాసి బాగా పెంచిన 1909 నాటి ప్రతి. విశాఖ జిల్లాలో డబ్బు తీసుకుని ఆడపిల్లల్ని ఇచ్చిన పెళ్లిళ్లు మూడేళ్లలో 1034 లెక్క తేలాయని ఆయనే ముందుమాటలో రాశారు. కాబట్టి ఇది ఊహించి అల్లిన కథ కాదు, చుట్టూ జరుగుతున్నదే. యూరప్‌లో ఇబ్సెన్ 1879లో 'డాల్స్ హౌస్' రాసి మగవాడి పరువు గుట్టు విప్పాడు. ఇక్కడ ఆ పని అగ్రహారం వాకిట్లో జరిగింది.

కాలేజీలో గిరీశం మాటలకు పడీపడీ నవ్వాం. ఇప్పుడు చదివితే మగవాళ్లందరూ ఒకే తీరుగా కనిపించారు. అగ్నిహోత్రావధానులుకు మగతనమంటే కోపం. పెద్దకూతురు బుచ్చమ్మను ముసలివాడికిచ్చి చేస్తే ఆమె విధవై ఇంటికొచ్చింది. అయినా చిన్నదాన్ని మరో ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మబోతాడు. వద్దన్న భార్య వెంకమ్మ చివరికి నూతిలో పడుతుంది. రామప్పంతులుకు మగతనమంటే బడాయి. గిరీశానికైతే ఇంగ్లీషు ముక్కలు, సంస్కరణ ఉపన్యాసాలు. పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వచ్చేసరికి ఈ ఇద్దరూ ఒకే మంచం కిందికి దూరతారు!

చివరికి చిక్కుముడి విప్పేది మధురవాణి. సౌజన్యారావు పంతులు వేశ్యల ముఖం చూడడు కాబట్టి, మగవేషం వేసుకుని ఆయన దగ్గరికి వెళ్తుంది. ఆ రోజుల్లో ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే కట్టేవారు. అంటే స్టేజి మీద ఒక మగవాడు ఆడదానిగా మారి, ఆ ఆడది మళ్లీ మగవాడిగా మారాలి. మగతనం కూడా తొడుక్కునే వేషమేనని ఇంతకన్నా తేటగా ఎవరు చెప్పగలరు?

అయితే ఈసారి నా చూపు ఆగింది వీళ్లెవరి మీదా కాదు, పిల్లాడు వెంకటేశం మీద. పరీక్ష తప్పాడు. ఇంట్లో చెప్పాలంటే నాన్న కోపానికి భయం. గిరీశం వెంట వచ్చి కబుర్లతో ఆ సంగతి కప్పేశాడు. కోపం ఎలా ఉంటుందో నాన్న దగ్గర, దాచడం ఎలాగో గురువు దగ్గర నేర్చుకుంటున్నాడు. పెద్దయ్యాక ఏ మగవాడవుతాడు?

మా ఆయన అగ్నిహోత్రావధానులు కాదు, గిరీశం అసలే కాదు. పరువు కోసం ఎనిమిది రోజులు ఎండలో తిరిగిన మనిషి. కానీ మా ఇంట్లోనూ ఇంటర్ చదివే వెంకటేశం ఉన్నాడు కదా! "వానికి మీరే చెప్పండి" అన్నాను. రెండు రోజులు పలకలేదు. మూడో రోజు అన్నం తింటూ, "బిడ్డా, నా పని పోయింది. వేరే చోట అడుగుతున్న" అన్నారు.

వాడు కాసేపు పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి బ్యాగులోంచి మడత పెట్టిన లెక్కల పేపరు తెచ్చి నాన్న ముందు పెట్టాడు. వందకు పంతొమ్మిది.

ఆయన అరవలేదు. "నాకు ముందే చెప్పొచ్చు గదరా" అని, నా వైపు చూసి తలొంచుకున్నారు.