కొండ దిగిన ఉపన్యాసం

బర్నబీ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ అనగానే గుర్తొచ్చేవి రెండు. పిల్లల సీటు ఒకటి. మంచు పడిన రోజు 145 నంబరు బస్సు కొండెక్కుతుందా లేదా అన్న బెంగ రెండోది. దానికి మూడో కథ ఒకటుంది. ఇక్కడ ఎవరు మాట్లాడొచ్చు, ఎవరు వినొచ్చు, ఎవరు లేచి ఎదురు ప్రశ్న వెయ్యొచ్చు అన్న తగువు ఆ యూనివర్సిటీ పుట్టిన దగ్గర్నుంచీ సాగుతూనే ఉంది. ఆ తగువులో మన దేశంతో ముడిపడ్డ మనుషులు కూడా కనిపిస్తారు. మన సభల గురించి ఆలోచించడానికి కూడా పనికొస్తుంది కాబట్టి ఆ కథ కాస్త వివరంగా చెప్పుకుందాం.

1963లో బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం వాంకూవర్ ప్రాంతానికి ఇంకో యూనివర్సిటీ కావాలనుకుంది. ఆ పని గార్డన్ ష్రమ్ అనే భౌతికశాస్త్రవేత్త చేతిలో పెట్టింది. ఆయన దానికి ఎంచుకున్న చోటు బర్నబీ కొండ. ఊరికి దూరంగా, చుట్టూ అడవి, ఎత్తు దాదాపు 370 మీటర్లు. రెండేళ్ళు తిరిగేసరికి, 1965 సెప్టెంబరు 9న, సుమారు 2,500 మంది విద్యార్థులతో తలుపులు తెరిచేశారు. కాఫీ పొడిలో వేడినీళ్ళు పోసినట్టు పుట్టిందని దానికి ఇన్‌స్టంట్ యూనివర్సిటీ అని పేరు కూడా పడింది.

ఆర్థర్ ఎరిక్సన్, జెఫ్రీ మాసీ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు దాని నమూనా గీశారు. శాఖకొక భవనం కట్టి మధ్యలో పచ్చిక పెంచడం అప్పటి రివాజు. వీళ్ళు అలా చెయ్యలేదు. అందరూ నడిచే దారులు ఒకచోట కలిసేలా మధ్యలో పెద్ద మాల్ కట్టి, పైన గాజు కప్పు వేశారు. ఏడాదిలో సగం రోజులు వాన పడే ఊళ్ళో, తడవకుండా నిలబడి కబుర్లు చెప్పుకునే చోటన్నమాట. రసాయనశాస్త్రం వాడూ సాహిత్యం వాడూ అక్కడ ఎదురుపడక తప్పదు. మన ఊళ్ళల్లో రచ్చబండ చేసే పనే ఇది. కాకపోతే ఇక్కడ రావిచెట్టుకి బదులు కాంక్రీటూ గాజూ.

మనుషులు నిలబడి మాట్లాడుకునే చోటు కడితే వాళ్ళు నిజంగానే మాట్లాడతారు. కట్టించినవాళ్ళకి ఆ మాటలు నచ్చుతాయన్న హామీ మాత్రం లేదు. విద్యార్థులు తాము సభలు పెట్టుకునే చోటికి ఫ్రీడమ్ స్క్వేర్ అని పేరు పెట్టుకున్నారు. 1967లో వాంకూవర్‌లోని టెంపుల్టన్ హైస్కూల్లో ఒక కుర్రవాడు స్కూలు పత్రికని వెక్కిరిస్తూ ఏదో అచ్చువేస్తే స్కూలు అతన్ని సస్పెండ్ చేసింది. అతనికి మద్దతుగా ఈ యూనివర్సిటీకి చెందిన అయిదుగురు టీచింగ్ అసిస్టెంట్లు అక్కడికెళ్ళి నిలబడ్డారు. యూనివర్సిటీ పాలకమండలి ఆ అయిదుగురినీ ఉద్యోగాల్లోంచి తీసేసింది. సమ్మె చేస్తామని విద్యార్థులు లేచారు. మండలి వెనక్కి తగ్గి వాళ్ళని మళ్ళీ తీసుకుంది.

ఇది చదువుతుంటే నాకు అరవై ఏళ్ళ ముందటి రాజమండ్రి గుర్తొచ్చింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆ ఊరొచ్చి ఉపన్యాసాలిచ్చాడు. ఆయన ఇంగ్లీషులో మాట్లాడుతుంటే చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు తెలుగులో చెప్పారు. దేశాన్ని పాడి ఆవుతో పోల్చిన ఆయన ప్రసిద్ధ పద్యం ఆ సభల్లోనే ఆశువుగా వచ్చింది. ఆ ఉపన్యాసాల వేడి ట్రైనింగ్ కాలేజీకీ పాకింది. వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్న విద్యార్థుల మీద ప్రిన్సిపాల్ హంటర్ చర్య తీసుకున్నాడు. కాలేజీ నుంచి వెళ్ళగొట్టబడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఆ తర్వాత పత్రికలో రాసిన రాతకి జైలుకి కూడా వెళ్ళారు. జైలు నుంచి వచ్చాక గ్రంథాలయ ఉద్యమానికీ వయోజన విద్యకీ ఆయన ఎంత చేశారో మనలో చాలామందికి తెలుసు.

రాజమండ్రిలో వలసపాలన, బర్నబీలో ఎన్నికైన ప్రభుత్వం. రెండూ ఒకటే అని నేననను. కాలేజీల భయం మాత్రం రెండు చోట్లా ఒకటే. లోపల మాట్లాడుకుంటే పర్వాలేదు, ఊళ్ళోకి వెళ్ళి మాట్లాడితేనే తంటా. ఊరి మాట లోపలికొచ్చినా తంటానే.

ఆ తర్వాతి రెండేళ్ళూ బర్నబీ కొండ మీద కుంపటే. 1968 నవంబరులో వేరే కాలేజీల నుంచి వచ్చే విద్యార్థుల ప్రవేశాల విషయమై పాలనా భవనాన్ని ఆక్రమిస్తే పోలీసులొచ్చి 114 మందిని అరెస్టు చేశారు. మరుసటేడు గొడవ పి.ఎస్.ఎ. శాఖకి చుట్టుకుంది. రాజకీయశాస్త్రం, సమాజశాస్త్రం, మానవశాస్త్రం మూడూ కలిసిన శాఖ అది. శాఖ నిర్ణయాల్లో విద్యార్థులకీ సమానమైన ఓటు ఉండాలన్నది అక్కడి పద్ధతి. యూనివర్సిటీ ఒప్పుకోలేదు. శాఖ ఎన్నుకున్న అధ్యక్షుణ్ణి కాదని అజమాయిషీ తన చేతిలోకి తీసుకుంది. 1969 సెప్టెంబరులో సమ్మె మొదలైంది. సమ్మెలో నిలబడిన ఎనిమిది మంది అధ్యాపకులని సస్పెండ్ చేశారు.

ఆ ఎనిమిది మందిలో ఒకావిడ పేరు కాథ్లీన్ గఫ్. ఇంగ్లండులో పుట్టిన మానవశాస్త్రవేత్త. కేరళ నాయర్ కుటుంబాల మీదా, తంజావూరు జిల్లా పల్లెల మీదా ఆవిడ చేసిన పని ఇవ్వాళ్టికీ చదువుతారు. ఆవిడ జీవితమంతా బహిరంగంగా మాట్లాడినందుకు కట్టిన మూల్యమే. 1962లో క్యూబా క్షిపణుల సంక్షోభం నడుస్తుండగా, అమెరికాలో బ్రాండైస్ యూనివర్సిటీ విద్యార్థుల సభలో క్యూబా పక్షాన మాట్లాడారు. అక్కడి ప్రెసిడెంటుకి కోపమొచ్చింది. ఆవిడ ఆ ఉద్యోగం వదిలేశారు. తర్వాత ఓరెగన్‌లో ఉండగా ఇంకో చిక్కు. మార్కులు తగ్గిన కుర్రవాళ్ళని వియత్నాం యుద్ధానికి పంపే పద్ధతి వచ్చింది. మా మార్కులతో పిల్లల్ని యుద్ధానికి పంపం అనుకుని ఆవిడా, భర్త డేవిడ్ అబెర్లీ 1967లో కెనడా వచ్చేశారు. ఆయన యు.బి.సి.లో చేరారు, ఆవిడ బర్నబీ కొండ ఎక్కారు. రెండేళ్ళకే ఈ సస్పెన్షన్. ఉద్యోగం పోయింది. వాంకూవర్‌లోనే ఉండి రాస్తూ, 1990లో పోయారు.

అదే శాఖలో 1968లో చేరిన ఇంకో మనిషి హరి శర్మ. ఆయనా కాథ్లీన్ గఫ్ కలిసి దక్షిణాసియా మీద సంపాదకత్వం వహించిన పెద్ద పుస్తకం 1973లో వచ్చింది. ఒకరు కొండ మీద ఉద్యోగంలో, ఇంకొకరు ఉద్యోగం పోయి కొండ కింద. పుస్తకం మాత్రం ఇద్దరిదీ. 1975లో ఇండియాలో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు దాన్ని వ్యతిరేకిస్తూ ఉత్తర అమెరికాలో నిలబడిన ఇండియన్ పీపుల్స్ అసోసియేషన్ వెనక ముఖ్యమైన మనిషి హరి శర్మే. అక్కడితో ఆగలేదు. ఫ్రేజర్ లోయ పొలాల్లో బెర్రీలు కోసే కూలీలు ఎక్కువమంది పంజాబీలు, అందులోనూ ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ. గొడ్ల కొట్టాల్లాంటి గుడిసెల్లో కాపురం, చట్టాల రక్షణ అంతంతమాత్రం. 1980లో వాళ్ళ సంఘం, కెనడియన్ ఫార్మ్‌వర్కర్స్ యూనియన్, పుట్టడానికి సాయపడ్డవాళ్ళలో ఆయనొకడు. ఆ సంఘం మొదటి అధ్యక్షుడు రాజ్ చౌహాన్. తర్వాత బర్నబీ నుంచే ఎమ్మెల్యేగా గెలిచి, 2020లో బ్రిటిష్ కొలంబియా శాసనసభకి స్పీకరయ్యాడు.

ఈ కూలీల సంఘం కాగితాలు, ఫోటోలు ఇప్పుడు ఎక్కడున్నాయో తెలుసా? అదే యూనివర్సిటీ లైబ్రరీలో. ఎవరైనా చూసుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టారు. ఒకప్పుడు ఊళ్ళోకి వెళ్ళి మాట్లాడినందుకు ఉద్యోగాలు పీకిన యూనివర్సిటీయే, ఊళ్ళో జరిగినదాన్ని దాచిపెట్టే పని నెత్తినేసుకుంది.

కొండ మీద పీస్ స్క్వేర్ అని ఒక చోటుంది. అక్కడ గాంధీ విగ్రహం ఉంది. ఏటా అక్టోబరు 2న అక్కడ జయంతి సభ జరుపుతూ, ఠాకోర్ పేరుతో ఒక పురస్కారం ఇచ్చి ఉపన్యాసం ఏర్పాటు చేసే ఆనవాయితీ చాలా ఏళ్ళు నడిచింది. 2023 మార్చిలో ఎవరో ఆ విగ్రహం తల కోసేశారు. గాంధీతో తగువున్నవాళ్ళు మన దేశంలోనే బోలెడుమంది. ఆ తగువుకి తగిన చోటు అక్టోబరు 2 సభలో మైకు ముందు ఉంది. రాత్రిపూట రంపం పట్టుకున్నవాడికి జవాబు చెప్పడానికి ఎదురుగా మనిషే లేడు.

కొండ మీద ఎన్ని సభలు పెట్టినా ఊరంతా అక్కడికి రాదు. పగలంతా పని చేసిన మనిషి సాయంత్రం బస్సు మారి కొండెక్కి వింటాడా? అందుకని యూనివర్సిటీయే దిగొచ్చింది. 1989లో వాంకూవర్ డౌన్‌టౌన్‌లో, ఒకప్పటి డిపార్టుమెంటు స్టోరు భవనంలో హార్బర్ సెంటర్ క్యాంపస్ తెరిచారు. రైలు దిగి నడిచిపోయే దూరం. ఒకప్పుడు చొక్కాలూ గిన్నెలూ కొనుక్కున్న చోట సాయంత్రం పూట ఊరి ఇళ్ళ ధరల మీదా, రోడ్ల మీదా ఉపన్యాసాలు. 2010లో వుడ్‌వర్డ్స్ అనే ఇంకో పాత స్టోరు చోట కళల విభాగం వచ్చింది. అది మామూలు చోటు కాదు. నగరంలో బీదలుండే పేట అంచు. 2002లో ఇళ్ళు లేనివాళ్ళు ఆ ఖాళీ భవనాన్ని ఆక్రమించి కూర్చున్నారు.

నాకు వీటన్నిటికంటే నచ్చింది ఫిలాసఫర్స్ కఫే. 1998లో యోసెఫ్ వోస్క్ మొదలుపెట్టాడు. లైబ్రరీలోనో కాఫీ హోటల్లోనో ఒక సాయంత్రం ఒక ప్రశ్న పెడతారు. చర్చ నడిపే మనిషి ఒకరుంటారు. ఆ మనిషి పని ఉపన్యాసం దంచడం కాదు, అందరిచేతా మాట్లాడించడం. డిగ్రీ అడగరు. రిటైరైన బస్సు డ్రైవరూ, పాఠాలు చెప్పే ప్రొఫెసరూ ఒకే వరసలో. యోసెఫ్ తండ్రి మోరిస్ వోస్క్ ఒడెస్సా నుంచి చిన్నప్పుడు వలస వచ్చి, గిన్నెలమ్మి పైకొచ్చిన మనిషి. ఆయన పేరు మీద 2000లో డౌన్‌టౌన్‌లో ఒక సంభాషణా కేంద్రం వచ్చింది. పాత బ్యాంకు భవనంలో గుండ్రంగా కట్టిన హాలు. కుర్చీలు వలయాలుగా ఉంటాయి, సుమారు 150. ఎవరి వీపూ ఎవరికీ ఎదురుండకూడదన్న ఆలోచన. వేదిక అంటూ వేరే లేకపోతే ముందు వరస పెద్దమనుషుల బాధే లేదు!

ఇంతా చేసి మాటల మీద తగువు తీరిపోయిందా? లేదు. 2014లో ట్రాన్స్ మౌంటెన్ చమురు గొట్టం బర్నబీ కొండ కింద నుంచి వెయ్యడానికి సర్వే మొదలుపెడితే జనం అడ్డం కూర్చున్నారు. వందమందికి పైగా అరెస్టయ్యారు. కంపెనీ కొందరి మీద 56 లక్షల డాలర్ల దావా వేసింది. వాళ్ళలో ఇద్దరు ఈ యూనివర్సిటీ ప్రొఫెసర్లు. ఒకరు జీవశాస్త్రవేత్త లిన్ క్వార్మ్‌బీ, ఇంకొకరు కవి స్టీఫెన్ కొలిస్. కొలిస్ ఆన్‌లైన్‌లో రాసుకున్న కవిత్వం లాంటి వచనాన్ని కంపెనీ లాయరు కోర్టులో సాక్ష్యంగా చదివాడు! కవిత్వం ఎవరూ చదవట్లేదని బాధపడే మన కవులకి ఇది ఊరటో హెచ్చరికో తెలీదు. చివరికి తేలిందేమిటంటే, కోర్టు ఉత్తర్వు కోసం కంపెనీ ఇచ్చిన జి.పి.ఎస్. కొలతలే తప్పు. చాలామంది మీద కోర్టు ధిక్కారం కేసులు కొట్టేశారు. దావా కూడా కంపెనీ ఉపసంహరించుకుంది.

ఇప్పుడు మన సంగతి. ఉత్తర అమెరికాలో మన సభలకి లోటు లేదు. ఉగాదికీ సంక్రాంతికీ హాళ్ళు నిండుతాయి. ఇండియా నుంచి రచయితల్ని రప్పిస్తాం, మంచి భోజనం పెడతాం. ఉపన్యాసం అవగానే శాలువా, మెమెంటో, ఫోటో. ప్రశ్నలకి టైము లేదు, వంటలు చల్లారిపోతున్నాయి అని మైకులో వినపడుతుంది. అయిదు గంటల కార్యక్రమంలో మొదటివాటికన్నిటికీ సమయం దొరికి, చివరికి కోసేది ఎప్పుడూ ప్రశ్నల పావుగంటనే.

చిత్రమేమిటంటే, ప్రశ్నించేవాడికి వేదిక మీదే కుర్చీ వేసిన సంప్రదాయం మనది. అవధానంలో పృచ్ఛకులు లేకపోతే అవధానమే లేదు. తిరుపతి వేంకటకవులంతటివారు కూడా అడిగేవాళ్ళని ఎదురుగా కూచోబెట్టుకునే గెలిచారు. పనిగట్టుకుని అడ్డం తగలడానికే అప్రస్తుత ప్రసంగం అని ఒక అంశం పెట్టి, ఒక మనిషిని నియమించుకున్న జాతి ఇంకోటుందా? 150 కుర్చీల గుండ్రటి హాలు కట్టి కెనడావాళ్ళు సాధించాలనుకున్నదాన్ని మనవాళ్ళు ఎనిమిదిమందితో సాధించారు.

కాథ్లీన్ గఫ్‌కి ఉద్యోగం పోయింది, హరిసర్వోత్తమరావు గారికి చదువు పోయింది. మనకి పోయేదల్లా ఒక పావుగంట. వచ్చే సభ ఏర్పాట్లు చూసేవాళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. ప్రశ్నల సమయాన్ని శాలువా కంటే ముందు పెట్టండి. హాలు మధ్య నడవలో రెండు మైకులు నిలబెట్టండి. భోజనాలు పావుగంట ఆలస్యమైతే ఎవరూ ఏమీ అనుకోరు. పులిహోర చల్లారినా బాగానే ఉంటుంది.