మోకాటి కింద సూది, మెడలో నాడి

వినుకొండ, బొల్లాపల్లి పల్లెల్లో కీళ్లు పట్టేశాయనే మాట పాతదే. పక్కనున్న దర్శి, పొదిలి తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, ఆ జిల్లా బావినీటి ఫ్లోరైడ్ ఎముకలను బిగదీస్తోందని షార్ట్ అనే వైద్య పరిశోధకుడి బృందం తేల్చింది. నొప్పి ఇంతగా పాతుకుపోయిన చోట ఆక్యుపంక్చర్‌కు ఆదరణ దొరకడం వింతేమీ కాదు. ఈమధ్య ఆ సూదికి ‘వేగస్ నాడి’ పేరు కూడా తోడైంది.

1938లో చైనాకు వెళ్లిన మన వైద్య బృందంలో షోలాపూర్‌కు చెందిన డాక్టర్ కోట్నీస్‌తోపాటు బిజయ్ కుమార్ బసు ఉన్నారు. బసు 1958లో మళ్లీ అక్కడికి వెళ్లి సూదివైద్యం నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. ప్రపంచం కళ్లు తెరిచింది మాత్రం 1971లో. పెకింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ చేయించుకున్న అమెరికన్ విలేఖరి జేమ్స్ రెస్టన్‌కు కడుపుబ్బరం వస్తే, కుడి మోచేతికి, మోకాళ్ల కింద సూదులు గుచ్చారు. ఉబ్బరం తగ్గిందని ఆయన రాశాడు. ఆ తర్వాతి ఏళ్లలో చాలామంది పరిశోధకులు ఒంట్లోనే పుట్టే నొప్పినివారిణులైన ఎండార్ఫిన్ల వెంటపడ్డారు.

వేగస్ కథ 2000లో మలుపు తిరిగింది. మెదడు నుంచి మెడ మీదుగా కడుపుదాకా దిగే ఈ పదో కపాలనాడిని ప్రేరేపిస్తే ఎలుకల్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు ప్రక్రియ) తగ్గుతుందని కెవిన్ ట్రేసీ బృందం చూపింది. మన శాస్త్రవేత్త ఉండుర్తి నరసింహదాస్ కూడా ఈ నాడికీ ఇన్‌ఫ్లమేషన్‌కూ ఉన్న సంబంధంపై వ్యాసాలు రాశారు. 2014లో లూయిస్ ఉల్లోవా బృందం చుంచుల కాలికి సూదితో కరెంటు పెట్టింది. సెప్సిస్ తీవ్రత తగ్గింది. వేగస్‌ను కోసేస్తే ఆ ఫలితం పోయింది. అడ్రినల్ గ్రంథి డోపమైన్ విడుదల చేయడమే కీలకమని తేలింది. 2021లో చ్యూఫు మా బృందం ఇంకా లోతుకు వెళ్లింది: కాలిలో ఒక రకం నాడీకణాలుంటేనే వేగస్ మీదుగా అడ్రినల్‌కు వెళ్లే ఈ దారి తెరుచుకుంటుంది, పొట్టమీద గుచ్చితే తెరుచుకోదు. రెస్టన్‌కు గుచ్చిన చోట్లలో ఒకటి మోకాటి కిందేనని గుర్తుకురాక మానదు.

అయితే ఇవన్నీ ఎలుకలు, చుంచుల మీది ప్రయోగాలు. మనుషుల సంగతి చూస్తే, జర్మనీలో 1,162 మంది నడుంనొప్పి రోగులపై జరిపి 2007లో ప్రచురించిన పరీక్షలో అసలు బిందువుల్లో సూదులు 47.6 శాతం మందికి, ఉత్తుత్తి సూదులు 44.2 శాతం మందికి పనిచేశాయి. మామూలు వైద్యం 27.4 శాతం దగ్గరే ఆగింది. సూది పనిచేస్తుందనేవాళ్లూ, బిందువులు వట్టి మాటలనేవాళ్లూ ఇవే అంకెలు చూపిస్తారు. నా ఓటు రెండోవాళ్లకే.

2019లో కేంద్రం ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తించింది. కానీ ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్‌ను ఏ నాడీ కడిగేయదు. కాబట్టి సూదికి వెళ్లేముందు మీ బోరునీటిని పరీక్ష చేయించుకోండి.